కాలనీ అదృష్టాన్ని మోసిన పాలపన్ను

పాలపళ్ళ గురించి రాయడానికి ఏముంటుంది, ఊడిపోయేవే కదా! మా కాలనీలో ఏ తల్లిని కదిలించినా ఇదే మాట. రెండేళ్ళ కిందట నేనూ ఇదే అనేదాన్ని. ఇప్పుడు మాత్రం పిల్ల దవడ పట్టుకుని ఎవరైనా మా గడపలోకి వస్తే కూర్చోబెట్టి కథంతా చెబుతున్నాను. చెప్పీ చెప్పీ గొంతు పోతున్నది కాబట్టి, ఇంట్లో అందరూ పడుకున్నాక కాగితాలు ముందేసుకున్నాను. గండం గడిచింది. గడిచిందని నా చేత్తో నేను రాసుకుంటే నాకూ కాస్త నిబ్బరంగా ఉంటుంది.

మేముండేది మందమర్రిలో, బొగ్గు గని కాలనీలో. గనిని ఇక్కడ బాయి అంటారు. మా ఆయన ఓవర్‌మన్, అంటే భూమి కింద ఒక షిఫ్టు మనుషులందరి క్షేమం చూసుకునే పని. నేను హైదరాబాదులో బి.ఏ. పూర్తి చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, కాలనీ బడిలో పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో మా అత్తమ్మ, మేమిద్దరం, మా కరుణ.

ఇక్కడ గడియారాలతో పనిలేదు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, మళ్ళీ రాత్రికి గని కూత వేస్తుంది. కూతకు కొందరు దిగుతారు, కొందరు పైకి వస్తారు. ఆ కూత వినగానే ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళ చేతులు క్షణం సేపు ఆగుతాయి. మనవాడు పైకి వచ్చి ఉంటాడు అనుకున్నాకే మళ్ళీ కదులుతాయి. పిల్లలు కూడా ఇది చూస్తూ పెరుగుతారని నాకు అప్పట్లో తోచలేదు.

1960, ఎండాకాలం

కరుణ నాలుగేళ్ళప్పుడు నల్లా గద్దె మీద బోర్లా పడింది. ముందరి పై పన్ను కదిలి నెత్తురు వచ్చింది, నాలుగు రోజుల్లో సర్దుకుంది. తర్వాత మెల్లమెల్లగా ఆ పన్ను నల్లబడిపోయింది. తోటి పిల్లలు "బొగ్గు పన్ను" అని పిలిచేవారు. "బొగ్గు బాయి పిల్లకు బొగ్గు పన్ను గాక బంగారు పన్ను ఉంటదా?" అని అత్తమ్మ నవ్వేసేది.

ఏడో ఏడు నడుస్తుండగా తోటివాళ్ళందరి పాలపళ్ళూ ఊడి ఇంటి పెంకుల మీదికి ఎగిరాయి. కరుణ నల్ల పన్ను మాత్రం కదల్లేదు. ఒకరోజు తల దువ్వుతున్న అత్తమ్మ పెద్దగా కేక పెట్టింది.

"ఓ సుశీలా, జల్ది రా బిడ్డా! పిల్లకు పన్ను మీద పన్ను వస్తుంది!"

పరుగెత్తి వెళ్ళి చూశాను. నల్ల పన్ను వెనుక, అంగిట్లోకి, తెల్లటి కొత్త పన్ను అంచు కనిపిస్తున్నది.

"పాతది ఊడకుంటె కొత్తది ఎట్ల వస్తది అత్తమ్మా? తీపిద్దాం," అన్నాను.

"పిస్సదానివా ఏంది? పన్ను మీద పన్ను అంటె ఎంత అదృష్టం! మా మేనత్తకు ఉండె. ఆమె ఉన్నన్ని రోజులు ఆ ఇంట్ల గింజ తరుగలే. నడిచొచ్చిన లచ్చిమిని ఎవలన్న పీకేసుకుంటరా?"

ఆదివారం చర్చిలో అందరికంటే ముందు చాప మీద కూర్చునే మనిషి నోట లచ్చిమి మాట విని నాకు నవ్వు ఆగలేదు. నవ్వేసి ఊరుకున్నాను.

ఆ వారంలోనే ఇది జరిగింది. పక్క క్వార్టరు మల్లన్న పొద్దున షిఫ్టుకు పోతుంటే అత్తమ్మ పిలిచి, మనవరాలి పెదవి ఎత్తి ఆ పన్ను చూపించింది. ఆ రోజు గనిలో అతను పని చేస్తున్న చోట పైకప్పు కూలింది. సరిగ్గా అప్పుడే అతను మంచినీళ్ళకని పక్కకు వెళ్ళాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. పైకి వచ్చినవాడు స్నానమైనా చేయకుండా బిస్కెట్ల పుడా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అవ్వా, నీ మనుమరాలు నన్ను బతికిచ్చింది," అని అత్తమ్మ ముందు కూలబడి ఏడ్చాడు.

ఇక అప్పటి నుంచి ఏడింటి కూతకు ముందు మా గేటు దగ్గర మనుషులు నిలబడడం మొదలైంది. నెత్తిన టోపీ, చేతిలో దీపం, చంకలో సద్ది గిన్నె. "జర నవ్వు బిడ్డా," అనేవారు. కరుణ నవ్వేది. పన్ను చూసి పోతూ పోతూ చేతిలో పిప్పరమెంటో పటిక బెల్లం ముక్కో పెట్టేవారు. అందరికంటే ఆఖర్న మా ఆయన బూట్ల తాళ్ళు బిగించుకుని, ఏమీ ఎరగనట్టు దాని గడ్డం ఎత్తి, ఒకసారి నోట్లోకి చూసి వెళ్ళేవారు. అది ముద్దు అనుకున్నాను నేను.

అదే ఏడు, వానాకాలం

వానలు పడేసరికి కరుణ మారిపోయింది. రొట్టెను చాయలో నానబెట్టుకుని మింగేది. నవ్వడం మానేసింది, బడిలో పాఠం చదవమంటే పెదవులు కదిపేదే గానీ మాట బయటికి వచ్చేది కాదు. "నొస్తుందా తల్లీ?" అని నేను అడిగితే "లేదవ్వా," అని తల తిప్పుకునేది. నన్ను అది అవ్వా అనే పిలుస్తుంది.

ఒకరోజు తెల్లవారి లేచి చూస్తే పై పెదవి ఉబ్బి ముక్కుతో కలిసిపోయింది. ఒక కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతున్నది. గిన్నెలో నీళ్ళు, గుడ్డ తీసుకుని నేను వచ్చేలోపల పిల్ల మంచం మీద లేదు. గేటు దగ్గర ఉంది. వాచిన పెదవిని రెండు వేళ్ళతో పైకి పట్టుకుని, షిఫ్టుకు పోయేవాళ్ళకు పన్ను చూపిస్తున్నది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో బిడ్డా, మూతి గట్లయిందేంది!" అని మల్లన్న వెనక్కి జరిగాడు. "వద్దు తల్లీ, లోపటికి పో."

"చూడు మల్లన్నా, చూసి పో," అంటున్నది అది.

ఎత్తుకుని లోపలికి తెచ్చాను. "ఇయ్యాల పన్ను తీపిస్తా," అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు, గట్టిగా అన్నాను.

"లవంగం పెడితె తగ్గుతది. దానికే పీకుడెందుకు?" అన్నది అత్తమ్మ. "రేపు బాయిల ఏమన్న అయితె ఎవలకు చెప్పుకుంటవు?"

నేను మా ఆయన వైపు చూశాను. గని పరీక్షలు పాసైన మనిషి, ఇంట్లో దినం తప్పకుండా ప్రార్థన చేసే మనిషి. "వాపు తగ్గనీ సుశీలా. రెండు దినాలు చూద్దాం. పన్ను తీయకుండ మందు ఇయ్యమని అడుగు," అన్నారు.

"మీరు కూడనా?"

ఆయన వంగి, కట్టిన బూటు తాడునే మళ్ళీ కట్టుకున్నారు. కూత వేసింది. వెళ్ళిపోయారు.

కాలనీ దవాఖానాలో కంపౌండరు చూసి సూది వేశాడు. జ్వరం తగ్గుతుంది గానీ పన్ను తీస్తే తప్ప చీము పోదన్నాడు. హైదరాబాదు నుంచి పళ్ళ డాక్టరు ఒకాయన నెలకోసారి కరీంనగర్ వస్తాడని, ఆయన వచ్చేది మర్నాడేనని కూడా చెప్పాడు. నేను ఎవరినీ అడగలేదు. తెల్లారి ప్యాసింజరు బండికి పిల్లను భుజాన వేసుకుని బయలుదేరాను. అత్తమ్మ ఎదురు రాలేదు, లోపల నుంచి తలుపు వేసుకుంది.

బండి గోదావరి వంతెన మీదికి వచ్చింది. పెట్టెలో వాళ్ళంతా కిటికీల దగ్గరికి తోసుకున్నారు. కరుణ నది వైపు చూడలేదు. "అవ్వా, మూడు గంటల కూతకు ఇంట్ల ఉంటమా?" అని అడిగింది. పెద్దపల్లిలో దిగి బస్సు ఎక్కినప్పుడూ అదే అడిగింది. ఎందుకు అడుగుతున్నదో నాకు పట్టలేదు.

డాక్టరు కూర్చున్న గది ముందు వరండాలో బల్లలన్నీ నిండిపోయాయి. లోపల నుంచి పిల్లల ఏడుపు వినిపించినప్పుడల్లా బయట తల్లులందరూ పిల్లలను దగ్గరికి లాక్కుంటున్నారు. హుజూరాబాద్ నుంచి వచ్చిన ఖాజాబీ అనే ఆమె బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, తన విసనకర్ర నా చేతికి ఇచ్చింది.

"ఫికర్ చెయ్యకమ్మా. నిరుడు నా బిడ్డకు తీసిండ్రు. సాయంత్రానికి మక్కగారెలు తిన్నది. ఇగో, జర ఇటు జరుగు, ఈడ గాలి వస్తది."

మా పేరు పిలిచారు. డాక్టరు చిన్న వయసు మనిషి, ఓపికగా మాట్లాడుతున్నాడు. కరుణ కుర్చీలో కూర్చుని నోరు బిగించింది. బతిమాలాను, కసిరాను. పెదవులు తెల్లబడేటట్టు బిగించిందే తప్ప తెరవలేదు. డాక్టరు నన్ను ఆగమని, దాని ఎత్తుకు వంగి అడిగాడు: "నొప్పికి భయమా బేటా?"

కాదని తల ఊపింది.

"మరి?"

"బాపు బాయిల ఉన్నడు." మాట సగం వాపులోనే ఉండిపోతున్నది. "ఇప్పుడు పన్ను తీస్తె కప్పు కూలుతది. బాపు పైకి వచ్చినంక తీయిండ్రి."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. గేటు దగ్గర పెద్దవాళ్ళు సరదాకి సగం, నమ్మకానికి సగం పెట్టిన మూటను ఈ పిల్ల నిజంగా తల మీద పెట్టుకుని మోస్తున్నది. నొప్పి దాచింది అందుకే. నవ్వకపోయినా పెదవి ఎత్తి చూపించింది అందుకే.

ఆ డాక్టరు నవ్వలేదు. అలాంటివి నమ్మొద్దని బోధ చేయలేదు. "మీ బాపు ఎప్పుడు పైకొస్తడు?" అని అడిగాడు.

"మూడు గంటల కూతకు."

"సరే. అందరినీ చూసినంక నిన్ను పిలుస్తా. మూడు దాటినంకనే."

మళ్ళీ వరండాలోకి వచ్చాం. మనుషులు పలచబడ్డారు. ఖాజాబీ పని అయిపోయినా కదల్లేదు, "నా బస్సు ఎట్లనో దొరుకుతది," అని కరుణ తలను ఒడిలో పెట్టుకుంది. గోడ గడియారం మూడు కొట్టింది. కరుణ లేచి కూర్చుని చెవులు రిక్కించింది.

"ఇక్కడికి కూత ఇనపడది కదా," అంది. ఏడవబోతున్నది.

ఖాజాబీ నన్ను చూసింది, గడియారాన్ని చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ వరండా అంతా మోగిపోయేటట్టు "కూ..." అని గని కూత వేసింది. లోపలి నుంచి డాక్టరు తల బయటపెట్టి చూశాడు. బల్లల మీద మిగిలిన నలుగురూ పకపకా నవ్వారు. కరుణ నవ్వబోయి, వాపు లాగి, "అబ్బా" అంది. తర్వాత ఒడిలో నుంచి దిగి, నా చేయి కూడా పట్టుకోకుండా లోపలికి నడిచి, కుర్చీ ఎక్కి నోరు తెరిచింది.

దూదిలో చుట్టిన నల్ల పన్నుతో బయటికి వచ్చాం. కానీ డాక్టరు ఇంకో మాట చెప్పాడు. పాత పన్ను దారి ఇవ్వక కొత్త పన్ను వెనక్కి దిగుతున్నది, కింది పళ్ళకు వెనుక ఇరుక్కునేటట్టుంది. పూర్తిగా దిగి ఇరుక్కుంటే పై దవడ ముందుకు పెరగడానికి అడ్డం. అప్పుడు హైదరాబాదులో తీగలు కట్టించుకుంటూ నెలల తరబడి ఉండాలి. ఇప్పుడైతే, చోటు ఉంది కాబట్టి, ఒక చిన్న పని చేసి చూడవచ్చు. నాలుకను నొక్కి చూసే బల్లపరుపు చెక్క పుల్ల ఒకటి ఇచ్చి ఎట్లా పెట్టాలో చూపించాడు. పుల్ల కొస పై పన్ను వెనుక ఉండాలి, కింది పళ్ళ మీద ఆనాలి, బయటి కొసను గడ్డం వైపు మెల్లగా నొక్కుతూ కొరకాలి. రోజూ, తప్పకుండా. "తల్లులు నాలుగు రోజులు చేస్తరు, ఐదో రోజు మర్చిపోతరు," అన్నాడు.

మందమర్రిలో బండి దిగేసరికి మా ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. "బాపూ! పైకి వచ్చినవా?" అని కరుణ దూకింది. ఆ ప్రశ్నకు అర్థమేమిటో ఇంటికి నడుస్తూ నేను చెప్పాను. ఆయన పిల్లను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు, అంతే.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఎప్పటిలాగే మనుషులు ఉన్నారు. ఆయన కరుణను చేయి పట్టుకుని వాళ్ళ మధ్యకు తీసుకుపోయారు. చేతిలో గనిలోకి తీసుకుపోయే కట్టె ఉంది.

"చూడు బిడ్డా. బాయిల కప్పు కింద దుంగలు నిలబెడుతం. పొద్దుగాల్ల దిగంగనె ఈ కట్టెతోని కప్పును కొట్టుకుంట పోత. గట్టిగ మోగితె మంచిగున్నట్టు. డొల్లగ మోగితె అందర్ని బయటికి తోల్కొస్త. గది నా పని. నీ పన్ను పని కాదు."

గుమ్మం దూలాన్ని కట్టెతో కొట్టి వినిపించారు. తర్వాత మా పాత రేకు డబ్బాను కొట్టారు. రెండు చప్పుళ్ళూ కరుణ శ్రద్ధగా వింది.

"నిన్న పన్ను చూడకనే దిగి పైకి వచ్చినమా లేదా మల్లన్నా?"

"వచ్చినం సారు," అన్నాడు మల్లన్న తల గోక్కుంటూ. "గని ఆ ఊడిన పన్ను పారేసేదుంటె నాకియ్యరాదు? జేబుల పడి ఉంటది."

"నీ జేబుల బీడీలకే జాగ లేదు," అన్నారెవరో. నవ్వులు. కరుణ దూది విప్పి, నల్ల పన్నును చేతనైనంత బలంగా మా పెంకుల మీదికి విసిరింది. అది టక్కున మోగింది. "గట్టిగనే మోగింది బాపూ," అంది.

అయినా ఆ మధ్యాహ్నం కూతకు ముందే పోయి దారిలో నిలబడింది. నేనూ నిలబడ్డాను. మసి మొహాలు వరుసగా వస్తుంటే ఎవరు ఎవరో తెలియలేదు. ఒక మొహం మాత్రం దూరం నుంచే పళ్ళన్నీ కనిపించేటట్టు నవ్వుకుంటూ వచ్చింది.

దసరా నుంచి క్రిస్మస్ దాకా

వాపు పోయింది, జ్వరం పోయింది. మిగిలింది పుల్ల. కూత వేసినప్పుడల్లా కొరకాలని నేను నియమం పెట్టాను. పొద్దున కూతకు, మధ్యాహ్నం కూతకు, పడుకునే ముందు ఒకసారి. నాలుగు రోజులు బాగా సాగింది. ఐదో రోజు డాక్టరు చెప్పినట్టే అయింది, కాకపోతే నేను మర్చిపోవడం కాదు, కరుణ మొండికేసింది. అది చిగురు నొస్తున్నదని ఏడ్చేది, నేను అరిచేదాన్ని. రోజూ అద్దం పట్టుకుని చూసేదాన్ని. పన్ను కిందికి దిగుతున్నది గానీ ముందుకు రావడం లేదు. ఇరుక్కుపోతుందేమోనన్న భయంతో బడిలో పాఠం మధ్యలో ఆగిపోయేదాన్ని.

అత్తమ్మ అన్ని రోజులూ నాతో ముక్తసరిగానే ఉంది. ఒక మధ్యాహ్నం మా ఇద్దరి ఏడుపు, అరుపు విని లోపలికి వచ్చింది.

"ఇటియ్యి ఆ పుల్ల," అంది. "చదువుకున్నదానివి, పిల్లతోని గట్లనా చేపిచ్చుడు?"

కరుణను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, పుల్ల ఎట్లా పెట్టాలో నన్ను ఒకసారి చూపించమంది. తర్వాత కీర్తన అందుకుంది. "నా పాట అయ్యేదాక కొరుకు. నడుమ ఆపితె మొదటికెల్లి పాడుత."

ఇక ఆ పని అత్తమ్మదే. నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మం దాకా పాట వినిపించేది. ఒకరోజు పుల్ల నోట్లో ఉండగానే కరుణ గొణుగుతున్నది: "బాపమ్మా, ఈ పాటకు ఇన్ని చరణాలు లేవు. నువ్వు కలుపుతున్నవ్."

"దేవుని పాటకు చరణాలు లెక్క పెడతరా? కొరుకు."

డాక్టరు ఇచ్చిన పుల్ల నలిగిపోతే మా ఆయన అదే కొలతకు కొత్తవి చెక్కి, అంచులు నున్నగా రుద్ది, వేడినీళ్ళలో మరిగించి ఇచ్చేవారు. అది కూడా ఆ ఇంట్లో ఒక రకంగా క్షమాపణే అని నేను అర్థం చేసుకున్నాను.

చలి మొదలైన రోజుల్లో ఒకనాడు మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. కొంగు జారిపోతున్నా చూసుకోకుండా అత్తమ్మ బడిలోకి పరుగెత్తుకొచ్చింది.

"దాటింది! సుశీలా, దాటింది!"

పిల్లలు లేచి నిలబడ్డారు. ఎవరు, ఏ నది దాటారో వాళ్ళకేం తెలుసు! వెనుకనే కరుణ వచ్చింది. నోరు మూసి పళ్ళు కలిపి చూపించింది. కొత్త పన్ను కింది పళ్ళకు ముందు నిలబడి ఉంది. కాస్త వంకరగా, రంపపు అంచుతో, తెల్లగా. నేను సుద్దముక్క పారేసి, బల్లల మధ్యనే మా అత్తమ్మను గట్టిగా పట్టుకున్నాను.

డాక్టరు వచ్చే రోజు చూసుకుని కరీంనగర్ తీసుకుపోయాం. ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది. ఆయన వేలితో నొక్కి చూసి, ఇక పుల్ల అవసరం లేదు, కింది పళ్ళే దాన్ని వెనక్కి పోనివ్వవు అన్నాడు. "ఎవరు చేయించారు?" అని అడిగాడు. అత్తమ్మ కొంగు సర్దుకుంది. నేను ఆమె వైపు చూపించాను.

క్రిస్మస్‌కు చర్చిలో కరుణ దేవదూత వేషం వేసి, తన మాటలన్నీ చివరి వరుసకు వినిపించేటట్టు చెప్పింది. చివరి వరుసలో మల్లన్న ఉన్నాడు. చెప్పడం అయిపోగానే ఉండబట్టలేక "జర నవ్వు బిడ్డా!" అని అరిచాడు. పాస్టరుగారితో సహా అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ అది నవ్వింది.

ఈ ఏడు

తల్లులకు నేను చెప్పేది ఇంతే. పాలపన్ను ఊడిపోయేదే, కానీ దాని వెనుక వచ్చేది ఉండిపోయేది. పన్ను నల్లబడితే, ఊడవలసినది ఊడకపోతే, పిల్ల ఒకవైపే నములుతుంటే చూపించండి. మా పుల్ల చూసి మీరూ పుల్ల పెట్టకండి, డాక్టరు చూసి చెబితేనే. పిల్ల నొప్పి లేదన్నంత మాత్రాన లేదనుకోకండి. ఎందుకు లేదంటున్నదో కూడా అడగండి. మా గేటు దగ్గరికి ఇప్పుడు పిప్పరమెంట్లు తెచ్చేవాళ్ళను అత్తమ్మ అక్కడే ఆపి, జామకాయలు తెమ్మని పంపిస్తున్నది.

ఇవాళ మల్లన్న భార్య లేత మక్కకంకులు పంపింది. బొగ్గుల మీద కాల్చి కరుణకు ఒకటి ఇచ్చాను. నిరుడు గింజలు ఒలిచి చేతిలో పెట్టేదాన్ని. ఈసారి కంకిని రెండు చేతులతో పట్టుకుని గడప మీద కూర్చుని, ముందు పళ్ళతో వరుస వెంట వరుస కొరుకుతున్నది. మూతి నిండా మసి.

మూడు గంటల కూత వేసింది. పొయ్యి దగ్గర నా చేయి ఆగింది. చాట చెరుగుతున్న అత్తమ్మ చేయి ఆగింది.

కరుణ తల ఎత్తలేదు. కంకి తిప్పుకుని, రెండో వైపు మొదలుపెట్టింది.